ఒకే రోజు అమ్మిన రెండు కార్ల ఆర్సీలు తారుమారయ్యాయి, సరిచేయించుకునే దారి ఏది?

కొత్తపేట_సారథి | జూన్ 5

సభ్యులకు నమస్కారం. ఏప్రిల్ 12న హైదరాబాద్‌లో ఒక పాత కార్ల డీలరు దగ్గర 2019 నాటి తెల్ల మారుతి స్విఫ్ట్ పెట్రోలు బండిని 4,85,000 రూపాయలకు కొన్నాను. అప్పటికి అది 38,000 కిలోమీటర్లు తిరిగింది. అప్పు తీసుకోకుండా మొత్తం సొమ్మును నా బ్యాంకు ఖాతా నుంచే చెల్లించాను. బండి నంబరు టీఎస్ 07 సిరీస్‌లోది. పేరు మార్పిడి పని తామే చూసుకుంటామని, నలభై అయిదు రోజుల్లో ఆర్సీ ఇంటికే వస్తుందని చెప్పి ఫారం 29, ఫారం 30 మీద నా చేత సంతకాలు చేయించుకున్నారు. ఆ ఫారాలు అప్పటికి ఖాళీగా ఉన్నాయి. అది నా తప్పేనని ముందుగానే ఒప్పుకుంటున్నాను కనుక ఆ విషయంలో చీవాట్లు కొంచెం తగ్గించి పెట్టవలసిందిగా మనవి.

మే 30న నా ఫోనుకు ఒక చలాన్ సందేశం వచ్చింది. విజయవాడ రహదారిలో చిట్యాల దగ్గర బండి వేగపరిమితి దాటిందని దాని సారాంశం. ఆ సమయానికి నా బండి మా ఇంటి ముందు కవరు కప్పుకుని ఉంది. సందేశంలో ఉన్నది టీఎస్ 08 నంబరు కావడంతో ఎవరికో పోవలసినది నాకు వచ్చిందనుకుని పట్టించుకోలేదు. నిన్న పోస్టులో ఆర్సీ వచ్చింది. నా పేరు, నా చిరునామా, నా తండ్రిగారి పేరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి కానీ బండి నంబరు మాత్రం ఆ చలాన్‌లో ఉన్న టీఎస్ 08 నంబరే. చాసిస్ నంబరు, ఇంజను నంబరు, తయారైన సంవత్సరం ఏవీ నా బండివి కావు.

డీలరును అడిగితే గుమాస్తా పాత రిజిస్టరు తీసి చూశాడు. అదే రోజు నల్లగొండకు చెందిన ఒకాయనకు 2018 నాటి తెల్ల స్విఫ్ట్‌ను అమ్మారట. రెండు బండ్ల చాసిస్ పెన్సిల్ ప్రింట్లనూ (బండి మీద చెక్కిన నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చులు) ఒకరి ఫారం మీద అంటించవలసినవి మరొకరి ఫారం మీద అంటించి, వాటిని చూసే మిగతా గడులన్నీ నింపారు. దాంతో ఆయన బండి నా పేరు మీదికి, నా బండి ఆయన పేరు మీదికి వెళ్ళిపోయాయి. ఆయన ఒక ఫైనాన్స్ కంపెనీలో అప్పు తీసుకుని కొన్నారు గనుక ఆ హైపోథెకేషన్ ఎంట్రీ, అంటే బండి అప్పుకు తాకట్టుగా ఉందన్న నమోదు, కూడా నా బండి మీద పడింది. అంటే రూపాయి అప్పు లేకుండా కొన్న నా బండి మీద ఎవరిదో అప్పు కూర్చుంది. ఇప్పుడు ఏం చేయాలి?

నాలుగు_చక్రాలు | జూన్ 5

రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రంగు అంటున్నారు కదా, కాగితాలు మార్చుకునే బదులు మీరిద్దరూ బండ్లే మార్చుకుంటే పోలేదా? సరదాకే అంటున్నాను, ఏమీ అనుకోకండి.

కొత్తపేట_సారథి | జూన్ 5

ఆ మాట డీలరు నాతో నిజంగానే అన్నాడండి, అదీ సరదాకు కాదు. ఆ బండి 71,000 కిలోమీటర్లు తిరిగింది, ఒక ఏడాది పాతది కూడా. ఆర్సీ గడువు రిజిస్ట్రేషను తేదీ నుంచి 15 ఏళ్ళు కాబట్టి ఆ బండి గడువు నా బండి కంటే ముందే ముగుస్తుంది.

వకీలమ్మ_హనుమకొండ | జూన్ 5

సారథి గారూ, ముందుగా ఆ బండిని రోడ్డెక్కించడం ఆపండి. నల్లగొండ ఆయన కూడా ఆపేలా చూడండి. మోటారు వాహనాల చట్టం 2(30) నిర్వచనం ప్రకారం బండి ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో ఆయనే యజమాని. బండి ఎన్ని చేతులు మారినా, రికార్డులో పేరు మారనంతకాలం ప్రమాద పరిహారం భారం రిజిస్టరైన యజమాని మీదే ఉంటుందని నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. ఈ సూత్రాన్ని మీ సంగతికి అన్వయించి చూడండి. ఆయన చిట్యాల దగ్గర వేగంగా నడిపినందుకు చలాన్ మీకు వచ్చింది. అక్కడే ఎవరినైనా గుద్ది ఉంటే ట్రిబ్యునల్ నోటీసు కూడా మీకే వచ్చేది.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. బండి మీద చెక్కిన చాసిస్ నంబరు ఆర్సీలో ఉన్న నంబరుతో సరిపోకపోయినా, అసత్య పత్రాలతో రిజిస్ట్రేషను పొందారని తేలినా, రిజిస్టరింగ్ అధికారి ఆ రిజిస్ట్రేషనును రద్దు చేసే వీలు అదే చట్టం 55(5)లో ఉంది. మీరు అసత్యం చెప్పలేదు నిజమే, కానీ ఫారం మీద సంతకం మీదే. తనిఖీలో వాళ్ళు పట్టుకునేలోపు మీ అంతట మీరే వెళ్ళి పొరపాటు జరిగిందని లిఖితపూర్వకంగా తెలియజేయడం మీకు పెద్ద రక్షణ. ఆ దరఖాస్తుకు రసీదు తప్పకుండా తీసుకోండి.

ఇక డీలరుతో నోటిమాటలు చాలించండి. జరిగిన పొరపాటును ఒప్పుకుంటూ, రెండు బండ్ల నంబర్లు, చాసిస్ నంబర్లు పేర్కొంటూ, లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో ఒక ఉత్తరం రాయించుకోండి. ఆ ఉత్తరం లేకుండా మరే కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఉప్పల్_ఏజెంటు | జూన్ 6

పద్దెనిమిదేళ్ళుగా ఈ ట్రాన్స్‌ఫర్ల పనే చేస్తున్నవాడిగా ఒక మాట చెప్తాను. వకీలమ్మ గారు చెప్పిన దారి చట్టప్రకారం సరైనదే కావచ్చు గానీ, ఆఫీసులో దిద్దుబాటు దరఖాస్తు పెడితే అది ఒక టేబులు మీంచి ఇంకో టేబులు మీదికి నెలల తరబడి తిరుగుతుంది. దీనికి సులువైన దారి ఉంది. ఇప్పుడు రికార్డులో మీరు ఆ బండికి యజమాని, ఆయన మీ బండికి యజమాని. మీరు ఆయనకు, ఆయన మీకు మళ్ళీ కొత్తగా ఫారం 29, 30 రాసిచ్చి స్లాట్ బుక్ చేసుకుంటే మామూలు పేరు మార్పిడి లాగానే అయిపోతుంది. ఆయన ఫైనాన్స్ కంపెనీ దగ్గర హైపోథెకేషన్ ఎంట్రీ రద్దుకు ఇచ్చే ఫారం 35 తీసుకోవాలి, ఆ ఒక్కటే కొంచెం ఆలస్యం. ఖర్చంతా డీలరు చేత పెట్టించండి.

పాతబండి_ప్రేమికుడు | జూన్ 6

ఏజెంటు గారి దారిలో ఒక ఇబ్బంది ఉందండి. సారథి గారి బండికి రికార్డులో ఇప్పుడు నల్లగొండ ఆయన రెండో యజమాని. మళ్ళీ పేరు మార్పిడి చేయిస్తే ఆర్సీలో యజమాని వరుస సంఖ్య మూడు అవుతుంది. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట చూసేది దాన్నే. ఇదే స్విఫ్ట్‌ను సెకండ్ ఓనర్ బండిగా అడిగే ధర వేరు, థర్డ్ ఓనర్ బండిగా అడిగే ధర వేరు. పైగా నడుమ నల్లగొండ పేరు, దాని మీద ఒక ఫైనాన్స్ ఎంట్రీ, కొద్ది వారాలకే దాని రద్దు, ఇవన్నీ చరిత్రలో మిగిలిపోతాయి. కొత్తగా కొనేవాడికి ఈ కథంతా కూర్చోబెట్టి చెప్పాలి, వాడు నమ్మాలి.

ఉప్పల్_ఏజెంటు | జూన్ 6

ఆ నష్టం ఉన్నమాట నేను కాదనను. కానీ బండి నడపకుండా మూడు నెలలు ఇంటి ముందు పెట్టుకోవడం కూడా నష్టమే కదా. ఎవరి అవసరం వారిది, ఆలోచించుకోమంటున్నాను.

బీమా_బడి | జూన్ 6

బీమా సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక నేను రాస్తున్నాను. బండి చేతులు మారినప్పుడు దాని పాలసీ కూడా కొన్నవారి పేరు మీదికి మారినట్టే భావించాలని మోటారు వాహనాల చట్టం 157వ సెక్షను చెప్తుంది, అయితే పద్నాలుగు రోజుల్లోగా కంపెనీకి తెలిపి పాలసీలో మార్పు చేయించుకోవాలని కూడా అదే సెక్షను చెప్తుంది. ఆ భావన థర్డ్ పార్టీ భాగానికే, అంటే ఎదుటివారికి కలిగిన నష్టానికే వర్తిస్తుందని, సొంత బండికి కలిగిన నష్టానికి వర్తించదని సుప్రీంకోర్టు కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో ఎప్పుడో నిర్ణయించింది. కాబట్టి మీ డీలరు పాలసీ మార్పు చేయించాడా లేదా, చేయించి ఉంటే ఏ బండి పాలసీని ఎవరి పేరు మీదికి మార్పించాడు అన్నది ఈరోజే తేల్చుకోండి. ఆర్సీ తారుమారైతే ఆ ఆర్సీ నకలు పెట్టి చేయించిన పాలసీ మార్పు కూడా తారుమారై ఉంటుంది.

ఇంకొక మాట. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, బండిది కాదు, మనిషిది. పాత యజమాని బోనస్ తగ్గింపుతోనే పాలసీ మీకు వచ్చి ఉంటే మిగిలిన కాలానికి ఆ తేడా సొమ్మును కంపెనీ మీ దగ్గర వసూలు చేస్తుంది. డీలర్లు ఆ సంగతి సాధారణంగా చెప్పరు.

నిర్వాహకులు | జూన్ 6

సారథి గారు జతచేసిన ఆర్సీ ఫోటోలో పూర్తి చాసిస్ నంబరు, నల్లగొండ వ్యక్తి పేరు కనబడుతున్నందున దాన్ని తొలగించాము. సభ్యులు దయచేసి ఎవరి వివరాలూ ఇక్కడ పెట్టవద్దు.

గోదారి_గట్టు | జూన్ 7

మాది రాజమహేంద్రవరం. మా బావమరిది బండి విషయంలో పొరపాటు ఇంతకన్నా చిన్నది, కానీ బయటపడింది ఆలస్యంగా. డీలరు ఇచ్చిన ఇన్వాయిసులోనూ, దాన్ని చూసి రాసిన పాలసీలోనూ చాసిస్ నంబరులో ఒక సున్నా ఉండవలసిన చోట ఇంగ్లీషు ఓ అక్షరం పడింది. క్లెయిము వేసినప్పుడు సర్వేయరు పట్టుకున్నాడు. ఆయనే ఒక కిటుకు చెప్పాడు. చాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది, అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఎప్పుడూ వాడరు, ఒకటి, సున్నాలతో పొరబడతారని. అంటే కాగితంలో చాసిస్ నంబరు మధ్య ఓ కనిపించిందంటే అది తప్పేనని బండి దగ్గరికి వెళ్ళకుండానే చెప్పవచ్చు. మొదటి మూడు స్థానాలు తయారీదారును తెలుపుతాయి, మారుతికి ఎంఏ3, హ్యుందాయ్‌కి ఎంఏఎల్, టాటాకు ఎంఏటీ.

సారథి గారి విషయంలో ఈ కిటుకు పనిచేయదనుకోండి, రెండూ మారుతీలే గనుక.

కొత్తపేట_సారథి | జూన్ 14

అందరికీ కృతజ్ఞతలు. బీమా_బడి గారు ఊహించినట్టే జరిగింది. డీలరు టీఎస్ 08 బండి పాలసీని నా పేరు మీదికి మార్పించాడు. నా టీఎస్ 07 బండి పాలసీ ఇంకా మొదటి యజమాని పేరు మీదే ఉంది. నల్లగొండ ఆయనతో మాట్లాడాను. మర్యాదస్తుడు, ఆయనకూ ఆర్సీ వచ్చిందట గానీ కవరు విప్పి చూడనే లేదట. పంతంగి టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ పనిచేయక రెండుసార్లు నగదు కట్టారట, ట్యాగు పాడైందనుకున్నారు. ఇద్దరం బండ్లను ఆపేశాం.

డీలరు మాత్రం ఉత్తరం రాయడానికి ఒప్పుకోవడం లేదు. ఏజెంటు గారు చెప్పినట్టే మళ్ళీ పేరు మార్పిడి చేయిస్తాను, ఖర్చు నాదే, పైన పదివేలు ఇస్తాను, కాగితం మాత్రం అడగవద్దు అంటున్నాడు.

వకీలమ్మ_హనుమకొండ | జూన్ 14

కాగితం రాయనంటున్నాడంటే ఆ కాగితానికి ఎంత విలువ ఉందో ఆయనకు తెలుసు. రాస్తే సేవాలోపాన్ని ఒప్పుకున్నట్టే అవుతుంది.

ఆయన్ని ఇంకొక ప్రశ్న అడగండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో పాత బండ్ల డీలర్లకోసం చేర్చిన నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం డీలరు రిజిస్టరింగ్ అధికారి నుంచి అధికార పత్రం తీసుకోవాలి. పాత యజమాని నుంచి బండి తన చేతికి రాగానే ఫారం 29సీ ద్వారా ఆ సంగతి తెలియజేయాలి. అప్పటినుంచి బండి అమ్ముడయ్యేదాకా దానికి డీలరే యజమానిగా భావించబడతాడు. ఈయన అధికార పత్రం తీసుకున్నాడా, ఈ రెండు బండ్లకూ 29సీ పంపాడా అని ఉత్తరంలోనే అడగండి. ఈ ప్రశ్న అడిగిన తరువాత మాట తీరు మారడం నేను చూశాను.

పదిహేను రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఆ గడువులో కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవడం అంతకన్నా తేలిక, చాలా సందర్భాల్లో అక్కడే తెమిలిపోతుంది. డీలరుతో జరిగిన వాట్సాప్ సంభాషణను చెరపకండి, ఫోను మార్చకండి. అలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జత చేయవలసి ఉంటుంది.

ఉప్పల్_ఏజెంటు | జూన్ 15

కాగితం అడగవద్దన్నాడా? అయితే నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. పొరపాటు చేసినవాడికి సులువైన దారి చూపిస్తే వాడు దాన్ని తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి వాడుకుంటున్నాడు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. దిద్దుబాటు దరఖాస్తు ఇద్దరూ కలిసి, ఒకే రోజు, ఒకే అధికారికి ఇవ్వండి. విడివిడిగా ఇస్తే ఒకరి ఫైలు కదిలి మరొకరిది ఆగిపోతుంది, అప్పుడు ఒక బండికి ఇద్దరు యజమానులు, ఇంకో బండికి ఎవరూ లేనట్టు అవుతుంది.

కొత్తపేట_సారథి | జులై 3

నోటీసు అందిన తొమ్మిదో రోజున డీలరే ఫోను చేశాడు. 29సీ ప్రశ్న పనిచేసిందనే నా నమ్మకం, ఎందుకంటే దానికి మాత్రం జవాబు ఇవ్వకుండా మిగతా అన్నింటికీ ఒప్పుకున్నాడు. లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసిచ్చాడు. మొదటి ముసాయిదాలో సాంకేతిక కారణాల వల్ల అని రాశాడు. దాన్ని కొట్టేయించి, మా సిబ్బంది చాసిస్ ప్రింట్లను తారుమారుగా అంటించినందువల్ల అని రాయించాను. ఆ ఒక్క వాక్యం కోసం గంటన్నర కూర్చోవలసి వచ్చింది.

నేను, నల్లగొండ ఆయన, రెండు బండ్ల మొదటి యజమానులు నలుగురం నోటరీ దగ్గర అఫిడవిట్లు చేశాం. మొదటి యజమానులను రప్పించడమే కష్టమైంది. ఒకాయన అమ్మేసిన బండితో నాకేం పని అన్నారు. ఆయన బండి కాగితాలు చెదిరి ఉన్నంతకాలం పొరపాటు పూర్తిగా తేలనట్టేనని, ఆ చిక్కు తిరిగి ఆయన మెడకు కూడా చుట్టుకోవచ్చని వివరించాక వచ్చారు. జూన్ 30న దరఖాస్తులు రెండూ కలిపి ఇచ్చి రసీదు తీసుకున్నాం. మోటారు వాహనాల తనిఖీ అధికారి రెండు బండ్లనూ పక్కపక్కన నిలబెట్టించి, చాసిస్, ఇంజను నంబర్లను స్వయంగా సరిచూసి, కొత్తగా పెన్సిల్ ప్రింట్లు తీయించారు.

ఇప్పుడు ఆగినది ఫైనాన్స్ కంపెనీ దగ్గర. అప్పు తీరకుండా ఫారం 35 ఇవ్వడం కుదరదని వారంటున్నారు.

పాతబండి_ప్రేమికుడు | జులై 3

వారి భయం న్యాయమైనదే. హామీగా ఉన్న బండి మీద ఎంట్రీ తీసేస్తే, కొత్త బండి మీద ఎంట్రీ పడేలోపు వారి చేతిలో ఏమీ ఉండదు. ఎంట్రీ రద్దు చేయమని అడగకండి. తాము అప్పిచ్చింది టీఎస్ 08 బండి మీదేనని, పొరపాటున వేరే బండి మీద నమోదైందని, రెండు మార్పులూ ఒకే ఉత్తర్వుతో జరిగితే తమకు అభ్యంతరం లేదని రిజిస్టరింగ్ అధికారికి ఉత్తరం రాయమని అడగండి. అప్పు ఒప్పందంలో ఏ చాసిస్ నంబరు ఉందో ముందు చూడండి. అందులో సరైన నంబరే ఉంటే పని సగం అయినట్టే.

కొత్తపేట_సారథి | జులై 4

చూశాం. ఒప్పందంలో టీఎస్ 08 బండి నంబరే ఉంది. అంటే వారి కాగితాల ప్రకారం కూడా నా బండితో వారికి సంబంధం లేదు. మీరు చెప్పినట్టే ఉత్తరం అడిగాం.

సుధ_కరీంనగర్ | జులై 19

ఈ చర్చను మొదటినుంచి చదువుతున్నాను. వచ్చే నెల మేమూ పాత కారు కొనబోతున్నాం. ఫారాలు ఖాళీగా ఉంటే సంతకం చేయననడం తేలికేనా? డీలర్లు ఒప్పుకుంటారా?

ఉప్పల్_ఏజెంటు | జులై 19

అమ్మా, ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి. నిజం చెప్పాలంటే ఖాళీ సంతకాలు మా పనిలో అలవాటైపోయాయి, ఎందుకంటే మొదటి యజమాని ఒకసారి వచ్చి వెళ్తే మళ్ళీ దొరకడు. కనీసం బండి నంబరు, చాసిస్ నంబరు గడులు మీ చేత్తో మీరే నింపి, బండి మీద ఉన్న చాసిస్ ప్లేటుతో సరిచూసుకుని, ఆ తరువాతే సంతకం చేయండి. సంతకం చేసిన ప్రతి కాగితాన్నీ ఫోటో తీసుకోండి.

కొత్తపేట_సారథి | ఆగస్టు 23

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించాలి. ఫైనాన్స్ కంపెనీ ఉత్తరం జులై చివరి వారంలో వచ్చింది. ఆ తరువాత ఉత్తర్వు పదిహేను రోజుల్లో వెలువడింది. నిన్న సరైన ఆర్సీ అందింది. అందులో ఉన్నది టీఎస్ 07 నంబరు, నా చాసిస్ నంబరు. నేను అందరికన్నా ముందు చూసుకున్నది యజమాని వరుస సంఖ్యను. రెండు అనే ఉంది. హైపోథెకేషన్ గడి ఖాళీగా ఉంది. బీమా కంపెనీ పాలసీని నా పేరు మీదికి మార్చి, బోనస్ తేడా 3,140 రూపాయలు కట్టించుకుంది. ఆ సొమ్ము, నోటరీ ఖర్చులు, రానుపోను ఖర్చులు డీలరు ఇచ్చాడు. బండి ఆగిపోయిన పదకొండు వారాలకు నష్టపరిహారం మాత్రం ఇవ్వనన్నాడు. దానికోసం కమిషనుకు వెళ్ళాలా వద్దా అన్నది ఇంకా ఆలోచిస్తున్నాను, రెండేళ్ళ గడువు ఉంది కదా.

వకీలమ్మ_హనుమకొండ | ఆగస్టు 23

వెళ్ళదలిస్తే ఆ పదకొండు వారాలు ఆటోకు, క్యాబ్‌కు పెట్టిన ఖర్చుల రసీదులు ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి. డీలరు ఇచ్చిన సొమ్ముకు మీరు రాసిచ్చిన రసీదులో పూర్తి పరిష్కారం అన్న మాట ఉందా?

కొత్తపేట_సారథి | ఆగస్టు 23

లేదండి. ఆ మాట వాళ్ళు రాసి తెచ్చారు, నేను కొట్టేసి సంతకం చేశాను. ఈసారి ప్రతి గడీ చదివాను.

నాలుగు_చక్రాలు | ఆగస్టు 24

ఇంతకీ ఆ చిట్యాల చలాన్ సంగతి ఏమైంది?

కొత్తపేట_సారథి | ఆగస్టు 24

నల్లగొండ ఆయన జూన్‌లోనే కట్టేసి రసీదు పంపారు. ఆ రోజు అల్లుడు నడిపాడట.